అల తరువాత జాబితా

తుపాను కథ అనగానే మనకు పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ గుర్తుకొస్తుంది. 1952లో ప్రపంచ కథల పోటీలో రెండవ బహుమతి పొందిన కథ. ఒక్క రాత్రిలో ఒక పెద్దమనిషి కట్టుకున్న విలువలు కూలిపోవడం దాని వస్తువు. గాలి తగ్గాక ఆ ఊళ్లో బియ్యం ఎవరికి అందాయన్నది ఆ కథకు అక్కరలేదు. అందుకు పద్మరాజును తప్పుపట్టను. కాని తరువాత వచ్చిన మన తుపాను సాహిత్యంలో చాలా భాగం కూడా గాలి తగ్గగానే ఎందుకు కలం మూసింది?

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. చనిపోయినవారు ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మంది. శవాల మీద, విరిగిన తాళ్ల మీద కవిత్వం వచ్చింది. అందులో నిజాయితీ ఉంది, దుఃఖం ఉంది. కాని అప్పుడు కేంద్రంలో జనతా, రాష్ట్రంలో కాంగ్రెసు. మూడు నెలలు దాటగానే 1978 ఫిబ్రవరిలో శాసనసభ ఎన్నికలు. ఈలోగా కాంగ్రెసే రెండుగా చీలింది. ఇలాంటి వేళ గంజికేంద్రం ఎక్కడ పెట్టాలన్నది కూడా రాజకీయ నిర్ణయమే. ఊళ్లను ‘దత్తత’ తీసుకోవడమన్న మాట కూడా అప్పుడే బాగా వినిపించింది. దత్తత వెళ్లే బిడ్డకు ఇంటిపేరు మారుతుందని మనం మరచిపోతాం.

సహాయ పంపిణీ మీద కథలు అసలు రాలేదనను. వచ్చిన వాటిలో ఎక్కువ ఒకే అచ్చు. లావుపాటి సర్పంచి, రాత్రిపూట ఎడ్లబండి మీద తరలిపోయే బియ్యం బస్తాలు, చివరి పేరాలో పిడికిలి బిగించే కుర్రాడు. ఈ సర్పంచి మనకు చాలా సౌకర్యమైన మనిషి. ఆయన దొంగ అయితే చాలు, వ్యవస్థ జోలికి వెళ్లనక్కరలేదు. దొంగతనం లేకుండానే, ప్రతి సంతకమూ సక్రమంగా ఉండగానే అన్యాయం ఎలా జరుగుతుందో చూపడం కష్టం. వాస్తవికతకు అసలు పరీక్ష అక్కడే.

2022లో కేంద్రం ఇచ్చిన సహాయ ప్రమాణాలు చూడండి. మైదాన ప్రాంతంలో పక్కాదైనా కచ్చాదైనా పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000 రూపాయలు. గుడిసెకు 8,000. ఏది కచ్చా ఇల్లు, ఏది గుడిసె అన్నది తేల్చవలసింది స్థానిక అధికారులు. మట్టిగోడ, తాటాకు కప్పు, వరదకు మిగిలిన మొండి పునాది. దీన్ని ఏమని రాయాలి? ఒక్క మాట తేడా 1,12,000 రూపాయలు. రాసే చేయి వెనుక ఎవరు నిలబడి ఉన్నారు, ఇంటాయన పోయినసారి ఏ జెండా పట్టుకు తిరిగాడు, ఇల్లు ఏ పేటలో ఉంది? పక్షపాతం దొంగచాటుగా రానక్కరలేదు, ఆ గడిలో కూర్చుంటుంది. కౌలుదారు సంగతీ అంతే. పంట వాడిది, పట్టా ఇంకొకరిది. పరిహారం చాలాకాలం పట్టా వెంటే నడిచింది. సాగుచేసేవాడు సాగుదారేనని చెప్పడానికి మన రాష్ట్రంలో 2011లో ఒక చట్టం చేయవలసి వచ్చింది.

తుపాను వస్తే మా బడులే పునరావాస కేంద్రాలు, పేర్లు రాసేది మేమే. ఒకసారి నా ముందు పెట్టిన కాగితంలో మొదటి గడి రేషన్‌కార్డు నంబరు. ఇటుకబట్టీకి వలస వచ్చిన ఒక కుటుంబం కార్డు సొంత ఊళ్లో ఉంది. వాళ్ల పేరు నేను రాయలేదు. నన్నెవరూ బెదిరించలేదు, లంచమూ ఇవ్వలేదు. గడి ఖాళీగా ఉంటే పేరు చెల్లదన్నారు, నేను తరువాతి మనిషిని పిలిచాను. ఆ అచ్చుకథలో నాలాంటివాడికి చోటు లేదు.

హిందీలో ఫణీశ్వరనాథ్ రేణు 1966 బీహారు కరువునూ 1975 పట్నా వరదనూ కథలుగా మలచలేదు, రిపోర్తాజ్‌గా రాశాడు. మన యువ రచయితలు శిల్పం గురించి అడిగినప్పుడు నేను ఆ పేరు చెబుతుంటాను. వరద తీశాక నాలుగో వారం పంచాయతీ గోడకు అంటించే జాబితా దగ్గర ఒక పూట నిలబడమని కూడా చెబుతాను. పేరు ఉన్నవాళ్లు చూసుకుని వెళ్లిపోతారు. లేనివాళ్లు మళ్లీ మొదటినుంచి చదివించుకుంటారు.