జవాబు రాకపోవుట, లేదని జవాబు వచ్చుట

ఒక మిత్రునకు ఉత్తరము వ్రాసితిమి. "ఈ చిరునామాలో అట్టివారు లేరు" అను ముద్రతో అది తిరిగి వచ్చినచో విషయము తేలిపోయినది. ఉత్తరము తిరిగి రాక, జవాబును రాక నెల గడచినచో తేలినదేమి? ఏమియు లేదు. మిత్రుడు ఊరు మారియుండవచ్చును, జబ్బుపడి యుండవచ్చును, టపా ఆలస్యమై యుండవచ్చును. ఈ రెంటికి గల భేదమును కంప్యూటరు నిల్వ వ్యవస్థలు ఎంతవరకు పాటించుచున్నవో పరిశీలింతము.

బ్యాంకులు, పెద్ద ఆసుపత్రులు మున్నగు చోట్ల సమాచారము తరచుగా సర్వరులో గాక, వేరొక నిల్వ యంత్రములో ఉండును. రెంటి నడుమ ఒకే కేబులున్నచో అది తెగిన నాడు పని ఆగిపోవును. కనుక రెండు లేక నాలుగు దారులు వేయుదురు. లినక్సులో ఈ దారులకు కాపలా కాయు ప్రోగ్రాము పేరు మల్టీపాత్‌డి. మామూలు అమరికలో ఇది 5 సెకండ్లకొకసారి ఒక్కొక్క దారి గుండా "సిద్ధముగా ఉన్నావా?" అని అడుగును. దారి బాగున్నచో ఈ విరామమును క్రమముగా 20 సెకండ్ల వరకు పెంచును. జవాబు కొరకు ఆగు గడువు సాధారణముగా 30 సెకండ్లు.

ఈ రచనలో మెచ్చదగినవి కలవు. "దారి పనిచేయలేదు", "గడువు దాటినది", "జవాబు రావలసియున్నది" అనునవి ఇందు మూడు వేర్వేరు స్థితులు. తీర్పు శాశ్వతమును కాదు. తప్పించిన దారిని మరల మరల పరీక్షించి, జవాబు వచ్చినచో తిరిగి చేర్చుకొనును.

మరి లోపమెక్కడ? పేర్లు వేరైనను శిక్ష ఒక్కటే. గడువు దాటిన దారిని తెగిన దారి వలెనే పక్కకు తప్పించును. ఒక్క కేబులు చెడినపుడు ఇందువలన నష్టము లేదు, రెండవ దారి యున్నది. కాని నిల్వ యంత్రమే పనిభారముచే మందగించినదనుకొందము. నాలుగు దారులందును జవాబు ఆలస్యమగును. కాపలాదారు నాలుగింటిని ఒకదాని వెంట నొకటి తప్పించును. దారులన్నియు క్షేమమే, అయినను దారియే లేదని తీర్పు! అట్టివేళ వెంటనే తప్పు చూపుమని అమర్చియున్నచో, వ్రాయవలసిన సమాచారము వ్రాయబడక, ఫైళ్లు చదువుటకు మాత్రమే పరిమితము కావచ్చును. వేచియుండుమని అమర్చినచో, దారి తిరిగి వచ్చువరకు ప్రోగ్రాములు బిగుసుకొని యుండును.

గడువును సవరించిన చాలునని కొందరందురు. అది చాలదు. 5 సెకండ్లకు తగ్గించినచో మందకొడి దారి కూడ తెగినదనిపించుకొనును. 120 సెకండ్లకు పెంచినచో, సడి లేక తెగిన దారి కొరకు రోగి రిపోర్టు రెండు నిమిషములు ఆగవచ్చును. ఇది ఇంజనీర్ల అసమర్థత కాదు. సందేశము చేరుటకు కాలపరిమితి లేని వ్యవస్థలో, ఒక్క యంత్రము ఆగిపోవు అవకాశమున్నను, తప్పక ముగియునట్టి ఏకాభిప్రాయ పద్ధతి ఉండజాలదని ఫిషర్, లించ్, పాటర్సన్ 1985లో నిరూపించిరి. నిదానమైన యంత్రమును ఆగిన యంత్రము నుండి వేరుచేయలేకపోవుటయే ఇందలి చిక్కు. పొరబడినను తుదకు దిద్దుకొను అనుమానముతో పని సాగింపవచ్చునని చంద్ర, తూయెగ్ 1996లో చూపిరి.

కనుక అనుమానమును అనుమానముగనే చూడవలెను. "లేదు" అన్న దారిని తక్షణమే తప్పింపవలెను. మౌనముగా నున్న దారిని అనుమానితముగా నుంచి, కొత్త పనిని ఇతర దారులకు మళ్ళించి, వాని సాక్ష్యమును చూడవలెను. ఒక్కటే మౌనము వహించినచో దోషము ఆ దారిదనుకొనుట సబబు. అన్నియు ఒక్కసారి మౌనము వహించినచో అనుమానము వాని కొసనున్న యంత్రము మీదికి పోవలెను. తరచు చెడి బాగగు దారులను వేరుగా నుంచు ఏర్పాటు ఇటీవలి రూపములలో చేరినది. అది ఈ దిశగా ఒక అడుగు.

ప్రయోగశాలలో రీడింగు తీయని గడిలో సున్న వేసిన విద్యార్థిని మనము మందలింతుము. తెలియకపోవుట వేరు, సున్న యని తెలియుట వేరు. యంత్రమునకు నేర్పవలసినదియు ఆ పాఠమే.