చెమట

భిలాయిలో వైశాఖమాసపు మధ్యాహ్నమున ఎవని నుదుట చెమట పట్టినను దానిని ఎండకే కట్టబెట్టుదుము. ముప్పది యేండ్లుగా ఇచ్చటి సెక్టారు బజారులో మందుల దుకాణము నడుపుచున్న నేనును, బల్ల యెదుట నిలిచి గమ్ఛాతో ముఖము తుడుచుకొనుచున్న వృద్ధుని చూచి, మంచినీళ్లిచ్చి, పంకా ఆయన వైపు త్రిప్పి ఊరకుంటిని. 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాదుగారు ఇచ్చటి ఉక్కు కర్మాగారపు మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిన పిమ్మట శ్రీకాకుళపు పల్లెలనుండి రైలెక్కిన ఎందరితోనో పాటు వచ్చిన తండ్రి వెంట, బాల్యముననే ఉద్దానము విడిచి వచ్చినవాడాయన.

"కొలిమికాడ ముప్పయ్యేళ్లు పన్జేసినోణ్ణి బాబూ, సెమట నాకు కొత్తేటి?" అని నవ్వెను. ఆ మాట ముద్దగా వచ్చినది. అప్పుడు గాని నాకు అనుమానము తట్టలేదు. గ్లూకోమీటరు 48 చూపెను. చక్కెరనీళ్లు త్రాగించి, ఆయన తేరుకొన్నను ఇంటికి పోనీయక, ఆస్పత్రికి పంపితిని. ఏలయనగా ఆయన వాడు మధుమేహపు మందు గ్లిబెన్‌క్లమైడు ఒక గ్రుక్కెడు చక్కెరకు లొంగునది కాదు.

ఆయన సంచిలో మూడు చీటీలుండెను: మధుమేహమునకు ఒక వైద్యుడు వ్రాసినది, రక్తపోటునకు మరియొకరు వ్రాసిన అటెనొలాలు, మూడవది మడత విప్పని క్రియాటినిన్ పరీక్ష. మొదటి రెండు చీటీల మందులను వేర్వేరు దినములలో ఇచ్చినవాడను నేనే.

గ్లిబెన్‌క్లమైడు చెందిన సల్ఫొనైలూరియా వంశము జన్మించినదే ఇట్టి ప్రమాదమునుండి: 1942లో ఫ్రాన్సు దేశపు మోంపెలియే నగరమున టైఫాయిడు రోగులకు ఇచ్చిన సల్ఫా మందొకటి వారి రక్తములోని చక్కెరను అపాయకరముగ దించివేయగా, ఆ దోషమే తరువాత గుణమైనది. మూత్రపిండములు బలహీనమైనవానిలో ఆ మందు శేషము పోక నిలిచి, చక్కెరను మరల మరల దించును. అటెనొలాలు చేతివణకును గుండెదడను కప్పివేయగా, ఆపదను చాటుటకు చెమట యొక్కటే మిగులును. భిలాయిలో చెమట సాక్ష్యమును ఎవడు వినును?

మధుమేహపు మరియొక మందైన మెట్‌ఫార్మిను కిడ్నీలను చెరచునని భయపడి మానివేయువారు మనలో కొల్లలు. అది చెరచదు, చెడిన కిడ్నీ దానిని బయటికి పంపలేదు. అందుచేతనే కిడ్నీల వడపోత అంచనా (eGFR) 30కి దిగువకు పోయినచో మానవలెను, 45కి దిగువకు పోయినచో మోతాదు తగ్గింపవలెను. ఈ లెక్కకు ఆధారమైన క్రియాటినిన్, కండరములలోని ఫాస్ఫోక్రియాటినుకు సంతతి. ఆ మూలపదార్థమును 1927లో లోకమునకు తెలిపినవారిలో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారొకరు. ఉద్దానమునను, మన ఛత్తీస్‌గఢ్‌లోని సుపేబేడాలోను మధుమేహము లేనివారికి సైతము కిడ్నీలు చెడుచున్నవని యెరిగియు, ఆ వృద్ధుని ఆ అంకె అడుగకుంటినే!

వారము గడచిన పిమ్మట ఆయన వచ్చెను. గ్లిబెన్‌క్లమైడు పోయి, అధికభాగము పిత్తమార్గమున వెడలు లినాగ్లిప్టిను చీటీకెక్కినది. "ఇది కరీదు బాబూ" అని గొణుగుచునే, అడుగకమున్నే తన సంచిని, భార్య సంచిని బల్లపై కుమ్మరించి, గమ్ఛాతో ముఖము తుడుచుకొనెను. పంకా త్రిప్పుటకు ముందే గ్లూకోమీటరు తీసితిని.

132. ఎండయే.