కట్ట తెగితే తప్పు వానదేనా?

మట్టి ఆనకట్ట తెగినప్పుడల్లా 'కనీవినీ ఎరుగని వాన' అనే మాటే వింటాం. మీరు ఈ జవాబుతో సరిపెట్టుకుంటారా?

1979 ఆగస్టు 11న గుజరాత్‌లో మచ్ఛు-2 ఆనకట్టకు గండిపడి మోర్బీ పట్టణం మునిగింది. వేలాది ప్రాణాలు పోయాయి. అదనపు నీటిని వదిలే స్పిల్‌వేను సెకనుకు సుమారు 5,700 ఘనపు మీటర్లకు కట్టారు. వచ్చిన వరద దాదాపు 16,300. దారి చాలని నీరు మట్టికట్ట మీదుగా పొర్లింది. కాంక్రీటు కట్టయితే కొంతసేపు తట్టుకోవచ్చు. మట్టికట్టనైతే పొర్లే నీరు అవతలి వాలు నుంచి కోసుకుంటూ వస్తుంది. కోత పైదాకా చేరితే గండే.

మరో శత్రువు ఊట. కట్టలోపల దారి చేసుకున్న నీరు మట్టిరేణువుల్ని మోసుకుపోతూ సొరంగం తవ్వుతుంది. 1976లో అమెరికాలోని టీటన్ ఆనకట్ట మొదటిసారి నింపుతుండగానే ఇలా కూలింది. నీటిని పోనిచ్చి మట్టిని ఆపే సరైన ఇసుక వడపోత పొర ఈ కోతను అరికడుతుంది.

అంటే ఇది మందులేని జబ్బు కాదు. మచ్ఛు-2ను మళ్లీ కట్టినప్పుడు స్పిల్‌వే సామర్థ్యాన్ని దాదాపు నాలుగింతలు చేశారు. అయితే విచారణ కమిషన్‌ను మాత్రం పని ముగియకుండానే రద్దు చేశారు. అభ్యంతరం ఇక్కడే. తప్పెక్కడో తేల్చకపోతే పాఠం ఆ ఒక్క కట్టతోనే ఆగిపోతుంది. 2021 నవంబరులో కడప జిల్లాలో చెయ్యేరుపై ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కూడా సామర్థ్యాన్ని మించిన వరదకే కొట్టుకుపోయింది. అయిదు గేట్లలో ఒకటి అప్పుడు పనిచేయలేదు.

ఇకమీదట 'వాన ఎంత?' అని అడిగి ఊరుకోకండి. 'స్పిల్‌వే ఎంతకు కట్టారు? గేట్లు ఎప్పుడు పరీక్షించారు?' అని కూడా అడగండి.