పియానో పక్కకు జరిగినప్పుడు: జమాల్, ఎవాన్స్ ట్రయోలు

యువ జాజ్ పియానిస్టు ఎవరైనా కొత్తగా ట్రయో ఆల్బమ్ తెచ్చారంటే సమీక్షకులు మొదట వెతికేది బిల్ ఎవాన్స్ ఛాయలనే. బేస్, డ్రమ్స్ పియానోతో సమానంగా మాట్లాడాయా లేదా అన్నదే అరవై ఏళ్లుగా కొలబద్ద. అది మంచి కొలబద్దే. అయితే దాని పక్కన అహ్మద్ జమాల్ ఇచ్చిన కొలబద్దనూ ఉంచకపోతే ట్రయో కళలో సగమే మన లెక్కలోకి వస్తుంది. ఇద్దరి ఆల్బమ్‌లనూ పక్కపక్కన పెట్టి వింటే ఈ సంగతి తేటపడుతుంది. జమాల్ 'ఎట్ ది పెర్షింగ్: బట్ నాట్ ఫర్ మీ' 1958 జనవరి 16న షికాగో సౌత్ సైడ్‌లోని పెర్షింగ్ హోటల్ లాంజ్‌లో రికార్డయింది. ఎవాన్స్ 'సండే ఎట్ ది విలేజ్ వాన్‌గార్డ్' 1961 జూన్ 25న న్యూయార్క్‌లో, మెట్లు దిగి వెళ్లాల్సిన ఒక చిన్న క్లబ్బులో రికార్డయింది. అప్పటికి జమాల్‌కు 27 ఏళ్లు, ఎవాన్స్‌కు 31. రెండూ శ్రోతల ఎదుట వాయించినవే. రెండూ పియానో, బేస్, డ్రమ్స్ ట్రయోలే.

వీళ్లకు ముందు ఇలాంటి ట్రయోల్లో పనుల పంపకం చాలావరకు స్థిరంగా ఉండేది. పాట పియానోది. కార్డ్ మూలస్వరాన్ని, నడకను నిలబెట్టడం బేస్ పని. కాలం తప్పకుండా చూడడం డ్రమ్స్ పని. మన కచేరీలో మృదంగానికి తని ఆవర్తనం ఇచ్చినట్టు మధ్యలో వాళ్లకూ ఒక వంతు దక్కేది. వంతు ముగియగానే మళ్లీ వెనక వరసకే. ఈ కట్టడిని జమాల్, ఎవాన్స్ ఇద్దరూ సడలించారు. ఇద్దరూ ఎంచుకున్న మార్గం ఒక్కటే: పియానో తన చోటు కొంత వదులుకోవడం. దేన్ని వదిలారన్న దగ్గర దారులు వేరయ్యాయి.

జమాల్ వదిలింది కాలాన్ని. 'బట్ నాట్ ఫర్ మీ'లో అతను బాణీని ఒక పలుకు వాయించి, తర్వాతి పలుకును మింగేస్తాడు. పాట తెలిసిన శ్రోత ఆ మిగిలిన ముక్కను మనసులోనే పూరించుకుంటాడు. ఆ ఖాళీలో చెవికి అందేది ఇజ్రాయెల్ క్రాస్బీ బేస్ నడక. అది ఎంత పాటలా సాగుతుందంటే, పియానో మళ్లీ వచ్చినప్పుడు మనం కాసేపు రెండు బాణీలు వింటాం. ఎనిమిది నిమిషాల 'పాయిన్సియానా' ఈ పద్ధతికి శిఖరం. ఒక చేత మెత్తని తల ఉన్న మ్యాలెట్, మరో చేత మామూలు కర్ర పట్టి డ్రమ్మర్ వెర్నెల్ ఫోర్నియర్ వేసిన తాళం ఇద్దరు కలిసి వాయిస్తున్నట్టు ఉంటుంది. అతను పుట్టిపెరిగిన న్యూ ఆర్లియన్స్ ఊరేగింపుల నడక అందులో ఉంది. జమాల్ దాన్ని కప్పేయడు. పైస్థాయిలో చిన్న పదం ఒకటి పట్టుకుని తిప్పుతాడు, ఆగుతాడు, ఉన్నట్టుండి రెండు చేతులా నిండైన కార్డులతో విరుచుకుపడతాడు, మళ్లీ తప్పుకుంటాడు. ఈ పాట పేరు వినగానే చాలామందికి పియానో కంటే ముందు ఆ డ్రమ్స్ గుర్తొస్తాయి. ఒక పియానిస్టు పేరు మీద వచ్చిన రికార్డుకు ఇంతకంటే ఉదారమైన ఫలితం ఏముంటుంది?

ఎవాన్స్ వదిలింది పునాదిని. అతని ఎడమచేయి కార్డులో మూలస్వరాన్ని తరచుగా పక్కన పెడుతుంది. ఆ లోటు బేస్ పూరించాలన్నది లోకం లెక్క. 25 ఏళ్ల స్కాట్ లఫారో ఆ లెక్కకు కట్టుబడలేదు. కింది స్వరాన్ని ఒకసారి తాకి పైస్థాయికి ఎగబాకి, అక్కడినుంచి పియానోకు ఎదురు పలుకులు పలుకుతాడు. డ్రమ్మర్ పాల్ మోషియన్ కూడా కాలాన్ని ప్రతి మాత్రకూ ఎత్తి చూపడు. తాళం ముగ్గురి మనసుల్లో నడుస్తూ ఉంటుంది, బయటికి దాని ఆనవాళ్లు మాత్రమే తెలుస్తాయి. మొదటి పాట 'గ్లోరియాస్ స్టెప్' లఫారో కూర్చినదే. అలవాటైన నాలుగు బార్ల పలుకుల చోట అందులో ఐదేసి బార్ల పలుకులు ఉంటాయి. ఎక్కడ ఆగాలో శ్రోతకు ముందుగా తెలియదు. వాయించే ముగ్గురూ మాత్రం ఒకేచోట ఊపిరి తీసుకుంటారు. చివరి పాట 'జేడ్ విజన్స్' కూడా లఫారోదే. అందులో బేసే మంద్రంలో కార్డులు మోగిస్తుంటే పియానో దాని చుట్టూ మెల్లగా కదులుతుంది. నాయకుడెవరని అక్కడ అడిగితే జవాబు దొరకదు.

రెండు ఆల్బమ్‌లలోనూ జార్జ్ గెర్ష్విన్ పాట ఒక్కోటి ఉంది. తేడా అక్కడ మరింత స్పష్టం. 'బట్ నాట్ ఫర్ మీ' ప్రేమ దక్కని మనిషి పాట. జమాల్ దాన్ని తేలిగ్గా, కాళ్లు కదిలే నడకలో వాయిస్తాడు. బాధ ఎంతో చెప్పడు, చెప్పకుండా వదిలిన పలుకుల్లోనే దాన్ని ఉంచుతాడు. 'మై మ్యాన్స్ గాన్ నౌ' 1935 నాటి 'పోర్గీ అండ్ బెస్' ఒపెరాలో భర్తను పోగొట్టుకున్న స్త్రీ శోకం. ఎవాన్స్ ఆ శోకంలోకి నేరుగా దిగుతాడు. పియానో ఒక మాట అంటే, లఫారో దాన్ని అందుకుని మరో మాటగా మార్చి తిరిగి ఇస్తాడు. దుఃఖం ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతుంది. జమాల్ దగ్గర శ్రోత నాలుగో వాద్యకారుడు, ఖాళీలు పూరించే పని అతనిది. ఎవాన్స్ దగ్గర శ్రోత పక్కగదిలోంచి ఆత్మీయుల సంభాషణ వింటున్న మనిషి. మొదటి స్థానం హాయిగా ఉంటుంది, రెండోది ఏకాగ్రత అడుగుతుంది.

ఈ హాయే జమాల్‌కు విమర్శకుల దగ్గర చేటు చేసింది. ఆల్బమ్ వందకు పైగా వారాలు బిల్‌బోర్డ్ పట్టికలో నిలిచింది. అంత జనాదరణ దక్కిన జాజ్ రికార్డును చాలామంది విమర్శకులు కాక్‌టెయిల్ సంగీతమని తీసిపారేశారు, అంటే తాగుతూ, కబుర్లాడుతూ వినే నేపథ్యమని. ఇది అన్యాయమని నా నిశ్చితాభిప్రాయం. వాన్‌గార్డ్ టేపుల్లోనూ గ్లాసుల చప్పుడు వినిపిస్తుంది, మాటలు వినిపిస్తాయి. అక్కడ అవి వాతావరణంగా మన్నన పొందాయి, ఇక్కడ అవే సంగీతం మీద నిందగా మారాయి. సంగీతకారులు మాత్రం ఈ పొరపాటు చేయలేదు. ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ జమాల్ కూర్పు 'న్యూ రంబా'ను 1957లో 'మైల్స్ అహెడ్' ఆల్బమ్‌లో వాయించాడు, తన పియానిస్టు రెడ్ గార్లండ్‌ను జమాల్‌లా వాయించమని అడిగాడు. మరుసటి ఏడు అదే మైల్స్ ఎవాన్స్‌ను తన బృందంలోకి తీసుకున్నాడు. 1959లో 'కైండ్ ఆఫ్ బ్లూ' చాలావరకు ఎవాన్స్ పియానోతోనే వచ్చింది. మనం రెండు గట్లుగా విడదీసి చూసే ఈ ఇద్దరినీ మైల్స్ ఒకే అవసరం కోసం వెతుక్కున్నాడు: స్వరాల మధ్య చోటు.

లోపాలూ చెప్పుకోవాలి. జమాల్ ఆల్బమ్‌లో కొన్ని పాటలు ముందే గట్టిగా అమర్చిన కూర్పులు. మూడు నిమిషాలైనా నిండకుండా ముగిసే 'సర్రీ విత్ ది ఫ్రింజ్ ఆన్ టాప్' లాంటివి చక్కగా మెరుస్తాయి, కానీ అక్కడ దారి తప్పే ప్రమాదం లేదు, ప్రమాదం లేనిచోట ఆశ్చర్యమూ కొంత తగ్గుతుంది. ఎవాన్స్ ఆల్బమ్‌కు మరో రకం ఒంపు ఉంది. రికార్డింగ్ అయిన పదకొండో రోజున, 1961 జూలై 6న, లఫారో కారు ప్రమాదంలో చనిపోయాడు. ఐదు విడతల కచేరీ టేపుల్లోంచి లఫారో ప్రతిభ కొట్టొచ్చినట్టు కనిపించే పాటలనే ఈ ఆల్బమ్‌కు ఎంచారు. మనం సమానత్వానికి నమూనాగా చూపించే రికార్డు కొంతవరకు నివాళి కూడా. అదే రోజు టేపుల్లోంచి తర్వాత వచ్చిన 'వాల్ట్జ్ ఫర్ డెబీ'ని దీనితో కలిపి వింటేనే ఎవాన్స్ వాటా ఎంతో సరిగ్గా తెలుస్తుంది. 'మై ఫూలిష్ హార్ట్'లో పాట నడిపేది అతని పియానోయే. లఫారో ఒక్కో స్వరం పెట్టి ఆగుతాడు, మోషియన్ బ్రష్షులతో, సింబల్‌తో గాలి కదిలిస్తాడు. ఎవాన్స్ ట్రయోకూ తగ్గడం తెలుసునని ఆ పాట చెబుతుంది.

జమాల్ ట్రయో 1962లో విడిపోయింది, క్రాస్బీ ఆ ఏడే చనిపోయాడు. రెండు బృందాలకూ దక్కిన కాలం తక్కువ. వాటి ప్రభావం మాత్రం ఒకేలా పంపిణీ కాలేదు. ఎవాన్స్ దారి సంగీత కళాశాలల పాఠమైంది, జమాల్ దారి ఎక్కువగా తోటి వాద్యకారుల చెవుల్లో బతికింది. అందుకే ఈ రోజు యువ ట్రయోల్లో సంభాషణకు కొరత లేదు. ముగ్గురూ ఎడతెగక మాట్లాడతారు. ఆగడం తెలిసిన ట్రయో అరుదు. సంభాషణ అంటే అందరూ ఒకేసారి మాట్లాడడమని ఎవాన్స్ ఎన్నడూ వాయించలేదు, అతని అనుకరణలు మాత్రం తరచూ అలాగే వినిపిస్తాయి.

లోతులో వాన్‌గార్డ్ ఆల్బమ్‌దే పైచేయి. ముగ్గురు మనుషులు ముందుగా రాసుకోని దారిలో ఒకరినొకరు నమ్మి అంత దూరం వెళ్లడం జాజ్‌లో అరుదైన సంగతి. కానీ పాఠంగా ముందు రావలసింది పెర్షింగ్ ఆల్బమే. పక్కవాడి మాట వినబడాలంటే ముందు మనం ఆగాలి, ఆ విద్యను జమాల్‌లా నేర్పినవాళ్లు లేరు. మొదటి ట్రయో ఆల్బమ్‌కు సిద్ధమవుతున్న పియానిస్టులకు, ఆ ఆల్బమ్‌ను తూచబోయే సమీక్షకులకు నా విన్నపం ఒక్కటే: ముందు 'పాయిన్సియానా'ను డ్రమ్స్ కోసం ఒకసారి, బేస్ కోసం ఒకసారి వినండి, ఆ తర్వాత 'గ్లోరియాస్ స్టెప్' దగ్గరికి వెళ్లండి.