వేళ్లతో సహా తెచ్చిన వసంతం

మసాచుసెట్స్ పడమటి కొసన బర్క్‌షైర్ కొండలున్నాయి. ఏప్రిల్ నెలాఖరుకు అక్కడి అడవిలో మంచు కరిగిపోతుంది కాని, చెట్లు ఇంకా ఆకు తొడగవు. ఎండ సూటిగా నేలకు దిగే ఆ కొద్ది వారాల్లోనే అడుగున ఉండే చిన్న మొక్కలు మొలిచి పూయాలి. మేపుల్, బీచ్ చెట్ల ఆకులు పైన కమ్ముకున్నాక వాటికి చాలినంత వెలుతురు దొరకదు. అంత తొందరలో ఉన్న పూలను అంత నిదానంగా చూసిన ఫొటోగ్రాఫర్ ఎడ్విన్ హేల్ లింకన్.

ఆయన 1848లో పుట్టాడు. అమెరికా అంతర్యుద్ధంలో కుర్రవాడిగా సైన్యంలో డోలు వాయించాడు. తర్వాత ఫొటోగ్రఫీ పట్టుకుని, బర్క్‌షైర్ కొండల్లోని లెనాక్స్ చుట్టుపక్కల ధనవంతుల వేసవి భవంతులను తీశాడు. అవీ మంచి ఫొటోలే. కాని ఆయన ప్రాణం పెట్టిన పని ‘వైల్డ్ ఫ్లవర్స్ ఆఫ్ న్యూ ఇంగ్లాండ్’. 1910–1914 మధ్య తానే ప్రచురించిన 400 ప్లాటినం ప్రింట్లు.

ఈ అడవిపూలను ఆయన అడవిలో తీయలేదు. మొక్కను వేళ్లతో సహా జాగ్రత్తగా పెళ్లగించి, వాడిపోనీయకుండా స్టూడియోకు తెచ్చి, పగటి వెలుతురులో సాదా తెర ముందు నిలిపి తీసేవాడు. పనయ్యాక మళ్లీ అడవికి తీసుకెళ్లి నాటేవాడు. అంత శ్రమ ఎందుకంటే, ఆనాటి గాజు ప్లేటుకు వెలుతురు అందడానికి చాలాసేపు పట్టేది. ఆలోగా చిన్న గాలి వీచినా సన్నని కాడ కదులుతుంది, రేకు అంచు చెదిరిపోతుంది. పైగా అడవి నేలంతా ఎండుటాకులు, పుల్లలు. ఆ గజిబిజిలో మొక్క ఆకారం కలిసిపోతుంది.

ఆ ఫొటోల్లో నన్ను కట్టిపడేసేది పువ్వు కాదు, మొక్క నిలబడిన తీరు. మనలో చాలామందిమి పువ్వు మొహం దగ్గరికి కెమెరా పెట్టి, మిగతాదంతా మసకలో వదిలేస్తాం. లింకన్ అలా వదలడు. లేడీస్ స్లిప్పర్ అనే ఆర్కిడ్‌నే తీసుకోండి. గులాబీ రకానికి నేలకు దగ్గరగా రెండు వెడల్పాటి ఆకులుంటాయి. వాటి మీద పొడుగునా గీతలు. వాటి నడుమ నుంచి లేచిన ఒంటి కాడ చివర సంచిలా ఉబ్బిన పెద్ద రేకు. తుమ్మెద ముందున్న చీలిక లోంచి దూరుతుంది, కాని మళ్లీ అటు నుంచి బయటికి రాలేదు. వెనక ఇరుకు దారిలో పుప్పొడిని రాసుకుంటూ పోవాలి. ఆ బరువైన సంచి అంత సన్నని కాడకు ఎలా వేలాడుతుందో పువ్వు ఒక్కటే చూస్తే అర్థం కాదు. ఆకు, కాడ, వంపు అన్నీ ఒకే చట్రంలో ఉండాలి.

ఇక ఆ ప్రింట్ల సంగతి. మామూలు ఫొటో కాగితం మీద వెండి బొమ్మ జెలటిన్ పొరలో ఉంటుంది, అందుకే అది మెరుస్తుంది. ప్లాటినం ప్రింటుకు ఆ పొరే లేదు. కలంకారీలో రంగు బట్ట నూలులోకి ఇంకినట్టు, లోహం కాగితం పీచులోనే కూర్చుంటుంది. మెరుపు ఉండదు, బొమ్మ వెలిసిపోదు. తెలుపుకూ నలుపుకూ మధ్య బూడిదవన్నె మెట్లు లెక్కకు మించి పలుకుతాయి. రేకు నీడ రేకు మీదే పడే చోట ఈ గుణం తెలుస్తుంది. ఈ కాగితానికి బలమైన వెలుతురు కావాలి కనుక నెగెటివ్‌ను దాని మీదే ఆనించి ముద్రిస్తారు, పెద్దది చేయడం ఉండదు. పెద్ద గాజు ప్లేటు మీద ఎంత పరిమాణంలో పడితే ప్రింటూ అంతే. అందుకే ప్రతి నూగూ నిలుస్తుంది.

ఒక చిక్కుంది. ఆనాటి మామూలు ప్లేట్లకు నీలం ఇట్టే అంటేది, ఎరుపు దాదాపు అంటేది కాదు. నీలి పువ్వు తెల్లగా పడుతుంది, ట్రిల్లియం అనే ముదురెరుపు అడవిపువ్వు నల్లగా పడుతుంది. రంగు చేయాల్సిన పనంతా వెలుతురూ ఆకారమూ చేయాలి. లింకన్ పనితనం ఇక్కడే పెద్దదని నాకనిపిస్తుంది.

పెళ్లగించే పద్ధతి మాత్రం ఇవాళ ఎవరూ అనుసరించకూడదు. లేడీస్ స్లిప్పర్ విత్తనంలో ఆహారం నిల్వ ఉండదు. మట్టిలోని ఒక శిలీంధ్రం అందిస్తేనే అది మొలుస్తుంది. పెరిగిన మొక్కను ఆ మట్టి నుంచి విడదీస్తే చాలావరకు బతకదు. ట్రిల్లియం విత్తనం నుంచి పువ్వు దాకా రావడానికి ఏడేళ్లో, ఇంకా ఎక్కువో పడుతుంది. ఆ విత్తనాలను మోసుకెళ్లి చల్లేవి చీమలు.

ఆయన చూపును మాత్రం తప్పక తెచ్చుకోవచ్చు. బోస్టన్ పరిసరాల్లో ఉండే తెలుగువాళ్లకు ఫ్రేమింగ్‌హామ్‌లోని ‘గార్డెన్ ఇన్ ది వుడ్స్’ దగ్గరే. విల్ కర్టిస్ అనే ఆయన 1931లో మొదలుపెట్టిన ఈ అడవి తోట అక్కడి దేశవాళీ మొక్కలకే అంకితం. అక్కడ జాక్-ఇన్-ది-పల్పిట్ కనిపిస్తే ఆగి చూడండి, అది మన చేమ, కంద కుటుంబమే. దారి దాటకుండా, మోకాళ్ల మీద కూర్చుని, కెమెరాను పువ్వు ఎత్తుకు దించి, మొదటి ఆకు నుంచి చివరి రేకు దాకా చట్రంలోకి తీసుకోండి. తెల్ల ట్రిల్లియంలకు మే నెలలో పలుచని మబ్బు పట్టిన పొద్దు మంచిది, రేకుల్లోని గీతలు ఎండకు మాసిపోవు. ఏప్రిల్‌లో పూసే బ్లడ్‌రూట్‌కు మాత్రం ఎండెక్కేదాకా ఆగాలి. మబ్బు రోజున అది రేకులు విప్పదు.