నలుసా, నీకు మొక్కు

కంటికి ఆనని నలుసా, నీకు మొక్కుతున్నాను. అల నురగ చిట్లినచోట నువ్వు ఉప్పుగా లేచినా, ఓడ పొగగొట్టంలోంచి గంధకం కంపుతో తన్నుకొచ్చినా ఆవిరి నీ కులగోత్రాలు అడగదు. నువ్వు లేని గాలిలో తేమ పొంగిపొర్లినా బిందువు అంత తేలిగ్గా కట్టదు. వాలడానికి దానికో ఆసరా కావాలి. కాలిఫోర్నియా ఒడ్డున, చల్లటి పసిఫిక్ మీద పలచగా పరుచుకున్న మబ్బులో ప్రతి బిందువు కడుపునా ఒక నలుసు ఉంటుంది.

ఆ బిందువు మిల్లీమీటరులో నూరోవంతు. నువ్వు అందులో నూరోవంతు.

నీలాంటి నలుసులు ఎక్కువైతే మబ్బులో ఉన్న నీళ్లు అవే, పంచుకునేవాళ్లే పెరుగుతారు. పది బిందువుల నీటిని ఎనభై పంచుకుంటే ఒక్కొక్కటీ సగం వెడల్పుకు చిక్కిపోతుంది. అన్నిటికీ కలిపి ఎండ తగిలే ఒళ్లు మాత్రం రెండింతలవుతుంది. పటికబెల్లం పలుకును వెలుతురుకు ఎత్తి పట్టుకో, అవతలి వేలు కనిపిస్తుంది. రోట్లో వేసి దంచు, తెల్లటి పొడి! తీపి పెరగలేదు, అంచులు పెరిగాయి. మబ్బు తెలుపులోని ఈ కిటుకును 1974లో శాస్త్రవేత్త షాన్ టూమీ లెక్కగట్టి చెప్పారు.

అంతకుముందే ఆకాశంలో రుజువు కనబడింది. 1960ల ఉపగ్రహ చిత్రాల్లో సముద్రం మీద వింత తెల్లగీతలు, కొన్ని వందల కిలోమీటర్ల పొడవున. ఓడ ఎప్పుడో దాటిపోయింది, దారి మబ్బులో మిగిలింది. నల్లటి పొగ తెల్లటి గీత గీయడమేమిటో! 1994లో కాలిఫోర్నియాలోని మాంటెరే తీరాన విమానాలతో ఆ గీతల్లోకే దూరి కొలిచారు: లోపల బిందువులు ఎక్కువ, పరిమాణం తక్కువ.

మొక్కుతున్నానని నీ సుగుణాలే పాడను. మురికిపట్టిన గాలిలోకి నీలాంటివాళ్లు ఇంకో వెయ్యిమంది వచ్చినా మబ్బు పెద్దగా పట్టించుకోదు. నీ విలువంతా శుభ్రమైన సముద్రపు గాలిలోనే. మసివై వస్తే ఎండను మింగి, వేడెక్కి, ఆ మబ్బునే ఆరబెట్టగలవు. బిందువులు మరీ సన్నబడితే వాన కురవక మబ్బు నిలిచిపోవచ్చు, పైనున్న పొడిగాలి తగిలి తొందరగా ఆవిరైపోనూ వచ్చు. నీతో లెక్కలు తెగకపోవడం ఇందుకే.

2020 జనవరి 1 నుంచి ఓడల ఇంధనంలో గంధకం హద్దును 3.5 శాతం నుంచి 0.5కి దించారు. రేవు ఊళ్ల ఊపిరితిత్తులకు అది పెద్ద మేలు, నేను తక్కువ చేసి మాట్లాడను. కానీ మబ్బుల్లో గీతలు తగ్గాయి, నీళ్లకు ఎండ ఇంకాస్త ఎక్కువ తగిలింది. ఇన్నాళ్లూ మురికే నీడ పట్టిందన్నమాట.

మబ్బును తెల్లబరచడానికి గంధకం దేనికి, ఉప్పునీరే చాలదా అన్నారు శాస్త్రవేత్త జాన్ లాథమ్, 1990లోనే. ముప్ఫయ్యేళ్లకు గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర, వేడికి పాలిపోతున్న పగడాల కోసం, ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పడవ మీదినుంచి సముద్రపు నీటినే సన్నటి తుంపరగా చిమ్మి చూశారు. నలుసా, ఆ తుంపరలో నీరు ఆరిపోయాక మిగిలేది నువ్వే. గాలి ఎత్తుకుంటే మబ్బు దాకా, లేదంటే తిరిగి సముద్రంలోకి. పైకి ఎందరు చేరారన్నది మబ్బు దాకా వెళ్లి లెక్కపెట్టుకోవాల్సిందే.