పెద్ద గొట్టం, చిన్న చప్పుడు

ఈ వారం రెండు రాత్రులు నిద్ర లేదు. అర్ధరాత్రి దాటాక బీచ్ రోడ్డు మీద బళ్ల మోత పెదవాల్తేరులో మా మంచం దాకా వస్తోంది. పక్కింట్లో ఆపరేషనై ఇంటికొచ్చిన పెద్దావిడ ఒక్కో బండికీ ఉలిక్కిపడి లేస్తోంది. మోత బళ్ల నుంచి పట్టుకున్న సైలెన్సర్లని మన పోలీసులు బీచ్ రోడ్డులో వరసగా పరిచి రోడ్డు రోలర్‌తో తొక్కించినప్పుడు మెచ్చుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను.

ఆ కోపంతోనే బుధవారం పొద్దున్నే గాజువాక ఆటోనగర్‌కి వెళ్లాను. మా పాత డీజిల్ జీపుకి సైలెన్సర్ పుచ్చిపోయింది. రెండున్నర లీటర్ల టర్బో ఇంజిను. విశాఖలో ఏ బండికైనా ముందు పోయేది సైలెన్సరే. బయట నుంచి ఉప్పుగాలి తింటుంది. ఇంటి నుంచి పూర్ణా మార్కెట్‌కి వెళ్లి వచ్చేపాటి తిరుగుడుకి గొట్టం చివరిదాకా వేడెక్కదు కాబట్టి, పొగలోని ఆవిరి నీరై పెట్టె అడుగున నిలిచి లోపల నుంచి తింటుంది. వేలితో నొక్కితే రేకు పెంకులా ఊడివచ్చింది.

"ఎంత పైపు ఎయ్యమంటారు సార్?" అన్నాడు వెల్డింగ్ మేస్త్రి.

"ఎంత సన్నంగా వీలైతే అంత. చప్పుడు మాత్రం బయటికి రాకూడదు" అన్నాను.

"అదే మంచిది సార్. ఇంజిన్‌కి కాస్త బ్యాక్ ప్రెషర్ ఉండాల. లేపోతే పికప్ ఎల్లిపోద్ది."

ఈ మాటతో నాకు పాత తగాదా ఉంది. ఆర్‌ఎక్స్ 100 బైకు గురించి ఇక్కడ రాసినప్పుడు వచ్చిన ఉత్తరాలు పాత పాఠకులు మరిచిపోయి ఉండరు. టూ స్ట్రోక్ బండి సైలెన్సర్ పొట్ట, బయటికి జారిపోబోయే పచ్చి పెట్రోలు గాలిని అలల దెబ్బతో తిరిగి సిలిండర్లోకి నెడుతుంది. అందుకే దాని ఆకారం మారిస్తే బండి చచ్చుబడిపోతుంది. టర్బో లేని ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లో గొట్టం మరీ వెడల్పైతే పొగ వేగం తగ్గి, ఒక సిలిండర్ పొగ తర్వాతి సిలిండర్ పొగని లాగే గుణం పోతుంది. అక్కడ కావలసింది వేగం. ఎదురు ఒత్తిడి ఏ ఇంజిన్‌కీ మేలు చెయ్యదు. షెడ్డుల్లో ఆ రెండూ ఎప్పుడో కలిసిపోయాయి.

ఇక టర్బో సంగతి. మన ఉక్కు ఫ్యాక్టరీలో బ్లాస్ట్ ఫర్నేసు పైనుంచి వచ్చే గ్యాసు ఒత్తిడితో టర్బైన్ తిప్పి కరెంటు తీస్తారు. టర్బోదీ అదే పని. పోయే పొగతో ఒక చక్రం తిరుగుతుంది, అదే ఇరుసు మీదున్న రెండో చక్రం ఇంజిన్లోకి గాలి కూరుతుంది. ఆల్‌ఫ్రెడ్ బ్యూకీ అనే స్విస్ ఇంజనీరు 1905లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. చక్రానికి ఎగువన ఎంత ఒత్తిడి ఉందో, దిగువన ఎంత ఉందో, ఆ తేడాయే దాని కూలి. దిగువన దారి బిగిస్తే కూలి కోసినట్టే. మేస్త్రి మాట మిగతా బళ్లకి సగం నిజమైతే, టర్బోకి పూర్తిగా అబద్ధం.

ఇది నాకు పుస్తకాల్లో తెలియలేదు. మా మేనమామ వాల్తేరు రైల్వే డీజిల్ షెడ్డులో ఫిట్టరు. ఏడో క్లాసు సెలవుల్లో ఒకరోజు నన్ను వెంట తీసుకెళ్లాడు. కేకే లైన్లో ఖనిజం బళ్లు లాగివచ్చిన డబ్ల్యూడీఎం2 ఇంజిన్లు బారులు తీరి ఉన్నాయి. ఒక్కోటి 16 సిలిండర్లు, 2600 హార్స్‌పవర్. డ్రైవరు నాచ్, అంటే ఇంజిను వేగపు మెట్టు, పెంచగానే నల్లటి పొగ బుస్సున లేచేది. డీజిల్ ముందు వెళ్తుంది, గాలి వెనకబడుతుంది. టర్బో వేగం అందుకునేదాకా ఆ నలుపు పోదు. తర్వాత ఈల మొదలై, పొగ పలచబడి, షెడ్డు రేకులు అదిరేవి. నేను పైకి చూపించి, "మావయ్యా, దీనికి సైలెన్సర్ ఏదీ?" అన్నాను. "టర్బోయే సైలెన్సర్‌రా. దాంట్లోంచి దూరి వచ్చేసరికి పొగకి సగం ఊపిరి పోద్ది" అన్నాడు. టర్బో నోటి నుంచి చిమ్నీకి దారి మూరెడు. వెడల్పు మాత్రం నేను దూరేటంత కనిపించింది.

ఆ తర్వాత ఇంజిను ఆపించి, జేబులోంచి గడియారం తీశాడు. ఇంజిను చచ్చినా టర్బో చక్రం తిరుగుతూనే ఉంది. ఈల సన్నబడి, గాలై, చివరికి ఏమీ లేకుండా పోయేదాకా చెవి ఒగ్గి నిలబడ్డాడు. దాన్ని రన్ డౌన్ టెస్ట్ అంటారు. 90 సెకన్ల నుంచి 180 లోపు ఆగితే చక్రం ఆరోగ్యంగా ఉన్నట్టు. ముందే ఆగితే బేరింగు పట్టేస్తోందని అర్థం. చుట్టూ నాలుగు ఇంజిన్లు మోగుతుంటే ఆ ఒక్క ఈల ఎక్కడ ఆగిందో ఆయన చెవికే తెలిసేది. పెద్దయ్యాక ఆ చెవి కోసమే నేను యంత్రాల దగ్గరికి పోతూ వచ్చాననిపిస్తుంది.

ఆటోనగర్‌లో మేస్త్రిని పాత పైపు కోయమన్నాను. ఐదేళ్ల కిందట వేరే షాపులో వేసిన రెండు అంగుళాల పైపు. ఇరుసు మీదుగా తిరిగే చోట మిషన్ మీద చల్లగా నొక్కి వంచేశారు. వంపు దగ్గర గొట్టం బోసినోరులా ముడుచుకుపోయి ఉంది. లోపల వెర్నియర్ పెడితే 36 మిల్లీమీటర్లు. ఐదేళ్లుగా మా బండి ఆ సందులోంచి ఊపిరి వదులుతోంది. ఘాట్ ఎక్కుతుంటే నల్లపొగ వస్తే, డీజిల్ పంపు చెడిందని రెండుసార్లు విప్పించాను.

అక్కడే స్టూలు మీద కూర్చుని లెక్క వేశాను. ఫుల్ లోడ్ మీద ఈ ఇంజిను సెకనుకి దాదాపు 220 లీటర్ల వేడి పొగ వదులుతుంది. రెండు అంగుళాల పైపులో అది సెకనుకి 125 మీటర్లకి పైగా పరుగెత్తాలి. 2014 అక్టోబరు 12న మన ఊరిని ఊడ్చేసిన హుద్‌హుద్ గాలి గంటకి 180 కిలోమీటర్ల దరిదాపు, అంటే సెకనుకి 50 మీటర్లు. దానికి రెండున్నర రెట్ల గాలి మా జీపు కింద. రెండున్నర అంగుళాలైతే 80 లోపు, మూడైతే 50 చిల్లర. గొట్టంలో ఒరిపిడి నష్టం వ్యాసానికి ఐదో ఘాతంలో పడిపోతుంది కాబట్టి, రెండు నుంచి రెండున్నరకి వెళ్తే మూడో వంతే మిగులుతుంది. అర అంగుళం తేడా అంత పని చేస్తుంది. మూడు అంగుళాలకి వెళ్తే ఇంకా తగ్గుతుంది గానీ, తగ్గడానికి మిగిలిందే కొంచెం. పైగా అది మా ఇరుసు మీద పట్టదు.

మరి చప్పుడో? ఔటర్ హార్బర్లోకి వచ్చే ఓడని చూడండి. పెద్ద ఓడ ఇంజిన్‌కి టర్బో తర్వాత ఎదురొచ్చే ఒత్తిడి సుమారు 300 మిల్లీమీటర్ల నీటి ఎత్తుకి మించకుండా డిజైన్ చేస్తారు. బకెట్టెడు లోతు కూడా కాదు. అందుకోసం మనిషి నిలబడగలిగేంత గొట్టం, దానికి తగిన సైలెన్సర్ ఫన్నెల్లో పెడతారు. అంత గొట్టంతో పోయే ఓడ కన్నా బీచ్ రోడ్డు బైకే ఎక్కువ మోత పెడుతోంది. నన్ను లేపుతున్నది గొట్టం వెడల్పు కాదు, పెట్టె లేకపోవడం. మోటారు వాహనాల నిబంధనల్లో 120వది కూడా అడిగేది శబ్దం తగ్గించే పెట్టెనే.

సన్న పైపు కోసం వెళ్లినవాణ్ని, రెండున్నర అంగుళాలు వెయ్యమన్నాను. రెండు పెట్టెలు. మొదటిది తిన్నగా పోయే చిల్లుల గొట్టం, చుట్టూ గ్లాస్ ఊల్. కీచుని అది మింగుతుంది. రెండోది గదులున్నది, జీపు కింద పట్టినంత పెద్దది. బొంగురు చప్పుడుకి ఊల్ చాలదు, గదులే కావాలి. హైవే మీద 2000 ఆర్‌పీఎంలో నాలుగు సిలిండర్ల ఇంజిను సెకనుకి 67 సార్లు పేలుతుంది. ఆ హోరు క్యాబిన్లో నిలిచిందంటే అనకాపల్లి చేరేలోపు తలనొప్పి. (2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బళ్ల జోలికి మాత్రం పోవద్దు. వాటి గొట్టంలోనే ఫిల్టర్లు, సెన్సర్లు ఉంటాయి.)

మేస్త్రి వాదించలేదు. కోసిన వంపుని రెండు చేతుల్లో తిప్పి తిప్పి చూసి, "ఇసకతో వంచుతానండి" అన్నాడు. ముందు ఇసకని రేకు మీద పొడిపొడిగా వేయించాడు. తడి ఉంటే లోపల ఆవిరై బిరడా గుండులా ఎగిరిపోతుందట. గొట్టంలో కూరి, సుత్తితో తడుతూ దిగేసి, రెండు వైపులా చెక్క బిరడాలు కొట్టాడు. గ్యాసు మంటతో ఎర్రగా కాల్చి నిదానంగా వంచాడు. ఎక్కడా నొక్కు పడలేదు. వంపు మీద అరచేతిని ఆనించి జరిపితే ఎక్కడ మొదలైందో తెలియలేదు.

టర్బో తర్వాత ఒక నట్టు వెల్డ్ చేయించి, రాగి గొట్టంతో క్యాబిన్లోకి చిన్న గేజీ పెట్టుకున్నాను. శనివారం సింహాచలం ఘాట్ రెండో గేరులో పూర్తిగా తొక్కి ఎక్కితే ముల్లు 0.1 బార్ దాటలేదు. అద్దంలో పొగ లేదు. కొండ మీద చెట్టు కింద ఆపి, టర్బో చల్లబడడానికి ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి, తాళం తిప్పాను. ఇంజిను ఆగాక, బానెట్ కింద నుంచి సన్నటి ఈల. ఇన్నేళ్లలో ఈ బండి దగ్గర నేనెప్పుడూ వినలేదు. ఊపిరి బిగబట్టి లెక్కపెట్టాను. నాలుగు సెకన్లు.